ముందు నువ్వు చెయ్యి పెట్టు బాపూ

స్వర్ణ కూతురికి జడ వేస్తూ మాటిమాటికీ వంగి ఆ పిల్ల ముఖంలోకి చూస్తోంది.

"తల నొస్తాందా బిడ్డా?"

"లేదమ్మా. పొద్దటి సంది ఎన్నిసార్లు అడుగుతవ్?" అంది ప్రవళిక విసుగ్గా.

ప్రవళిక ఆరో తరగతి చదువుతోంది. ఆమధ్య బడికి వచ్చిన డాక్టర్లు పిల్లలందరినీ పరీక్షించి, ఆమెకు బీపీ ఎక్కువుందని, పెద్ద డాక్టర్‌కు చూపించమని చెప్పారు. మహబూబ్‌నగర్‌లో పిల్లల డాక్టర్ సుమన రెండుసార్లు రప్పించి చూసింది. రెండుసార్లూ ఎక్కువే. ఈసారి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలంది. అప్పటినుంచి స్వర్ణకు కంటిమీద కునుకు లేదు. పిల్ల నిద్రలో మూలిగినా, బడి నుంచి ఆయాసపడుతూ వచ్చినా లేచి వచ్చి నుదురు తడిమి చూసేది.

అంతలో పరమేష్ వంటింట్లోంచి పళ్లెంతో వచ్చాడు. కొత్తకోటలో హైవే పక్కన అతనికి బజ్జీల బండి ఉంది. పళ్లెంలో వేడివేడి ఆలుబజ్జీలు చూడగానే స్వర్ణకు ఒళ్లు మండింది.

"దవాఖానకు పోయేనాడు గూడ ఇవేనా?"

"ఉత్త కడుపుతోని పోతదా పిల్ల?"

"ఉప్పు, నూనె తగ్గియ్యమని డాక్టరమ్మ చెప్పలేదా? బడి ఇడిసినంక నీ బండి కాడనే కూసుంటది. చేతికి ఫోనిస్తవ్, ముందల ప్లేటు వెడ్తవ్. ఆట లేదు, పాట లేదు."

పరమేష్ ముఖం మాడిపోయింది. "అంటే నా బిడ్డను నేనే ఖరాబు చేసిన్నంటవ్."

గడపలో కూర్చున్న అతని తల్లి గుర్వమ్మ అందుకుంది. "చిన్నపిల్లకు బీపీ ఏందే? ఆ మిషనే మంచిగ లేదేమో. ఆడపిల్లకు లేని రోగం అంటగట్టకు స్వర్ణా."

"నేనెందుకు అంటగడ్త అత్తమ్మా? నాకు భయమైతాంది."

"నీ ఒక్కదానికేనా భయం?" పరమేష్ గొంతు పెరిగింది. "పుట్టిననాడు నా రెండు అరచేతులల్ల పట్టింది. బతకదన్నరు. చుక్క చుక్క పాలు పోసి సాదినం. దానికి జర బుగ్గలొస్తే ఊరంతా తిప్పి చూపించిన. ఇప్పుడు పెట్టొద్దంటే నా చెయ్యెట్ల ఊకుంటది?"

స్వర్ణ కూతురి బుగ్గల వైపు చూసింది. ఆ బుగ్గలు చూసి అప్పట్లో తనూ మురిసిపోయింది. ప్రవళిక పళ్లెం నెమ్మదిగా పక్కకు జరిపి, "మీరు కొట్లాడకుండ్రి. నేను తినను," అంది. ముగ్గురూ మహబూబ్‌నగర్ బస్సెక్కారు.

డాక్టర్ సుమన ముందుగా పరమేష్‌నే అడిగింది. "ఇంట్లో ఎవరికైనా బీపీ గానీ, గుండెజబ్బు గానీ ఉందా?"

"లేదు మేడం."

"మామ సంగతి చెప్పు," అంది స్వర్ణ.

పరమేష్ భార్య వైపు ఒకసారి చూశాడు. "మా బాపు గాలయ్య. గొర్లు కాసెటోడు. నలభై గూడ నిండలే, మంద కాడనే కూలబడి పాణమిడిసిండు. గాలి సోకిందన్నరు."

"మీరెప్పుడైనా బీపీ చూపించుకున్నారా?"

"నాకేం రోగం లేదు మేడం. బస్తాలు మోస్త."

సుమన ప్రవళిక చేతికి బీపీ మిషను పట్టీ చుట్టబోయింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. "అది గట్టిగ పిసుకుతది. బాపూ, ముందు నువ్వు చెయ్యి పెట్టు."

పరమేష్ నవ్వబోయి, కూతురి కళ్లు చూసి ఆగిపోయాడు. కూర్చుని చెయ్యి చాచాడు. సుమన ఒకసారి చూసింది. కాసేపు కూర్చోమని, రెండో చేతికి చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"కళ్లు తిరుగుతుంటాయా?"

అతను తల వంచుకున్నాడు. "పొయ్యి ముందల నిలబడితే తిరుగుతయి మేడం. ఛాతిల జర బరువు. సెగకనుకున్న."

స్వర్ణ భర్త ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఆమె కళ్లన్నీ కూతురి మీదే. పక్కనున్న మనిషిని ఒక్కనాడూ ఎట్లున్నవని అడగలేదు.

ఆ పూటే ఇద్దరికీ పరీక్షలు చేయించారు. సాయంత్రం సుమన అన్నీ చూసి చెప్పింది. "పాప గుండె, కిడ్నీలు బాగున్నాయి. తిండి మార్చి, రోజూ ఆడనిస్తే మందు లేకుండానే తగ్గొచ్చు. కానీ వదిలేయకండి, నెలనెలా తీసుకురండి. తక్కువ బరువుతో పుట్టడం, మీ ఇంటి రక్తం, తిండి, అన్నీ కలిసి వచ్చినట్టుంది. ఒక్కరి తప్పని కొట్లాడుకోకండి." తర్వాత పరమేష్ వైపు తిరిగింది. "మీకు మాత్రం ఈరోజే మందు మొదలుపెట్టాలి. పాప మిమ్మల్ని తీసుకురాకపోతే మీరు నా దగ్గరికి వచ్చేవారు కాదు."

"బాపూ, నీకు గూడ నా లెక్కనే ఉన్నదా?" అంది ప్రవళిక.

"ఉన్నది బిడ్డా." పరమేష్ కూతురి చెయ్యి ముఖానికి ఆనించుకుని ఏడ్చాడు. స్వర్ణ అతని వీపు మీద చెయ్యి వేసి, "నీకిట్లున్నదని ఎర్కుంటే పొద్దున అట్ల అనకపోతుంటి," అంది.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే గుర్వమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

"మీ బాపు గూడ గిట్లనే అనేటోడు. ఎండకు కండ్లు తిరుగుతున్నయి గుర్వీ అనేటోడు. నీడకు కూసో అన్న. గంతే అన్న. నాకేమెర్క?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మందు ఏసుకో కొడుకా. నా కండ్ల ముందల ఏసుకో."

పరమేష్ గోళీ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. అతను మింగేదాకా గుర్వమ్మ కొడుకు రెండో చెయ్యి పట్టుకుని వదల్లేదు.