తిరుగుదారి బాణాలు

"జలపాతాల దారిలో బాణాలు వేసింది మీరేనా?"

నిచ్చెన మీద నిలబడి మందుల షాపు బోర్డు రాస్తున్న అమ్మాయి కిందికి చూసింది. మోకాళ్ళ దాకా బురద, చొక్కా నిండా గడ్డి ముళ్ళు, జుట్టులో ఒక ఎండుటాకు. ఈమధ్యే ఊళ్ళో క్లినిక్ తెరిచిన పళ్ళ డాక్టరు. తెల్ల కోటులో చూసినప్పుడు మనిషి ఇంత పొడుగనిపించలేదు.

"నేనేనండీ. బాగున్నాయా?"

"ఎక్కేటప్పుడు బ్రహ్మాండం. మూడు జలపాతాలూ చూశాను, ఫొటోలు తీసుకున్నాను. దిగుదామని వెనక్కి తిరిగితే ఒక్క బాణం లేదు!"

"దిగడానికి బాణాలెందుకండీ? వచ్చిన దారేగా."

"ఆ మాట అడవికి చెప్పండి. పొద్దున ఎడమ పక్కనున్న బండ ఇప్పుడు కుడి పక్కకొచ్చి కూర్చుంది. మధ్యాహ్నం నుంచి తిరుగుతూనే ఉన్నాను. ఒక మేక మాటిమాటికీ ఎదురైంది. ఆఖరికి అదే నన్ను గుర్తుపట్టి పక్కకి తప్పుకుంది."

ఆమె పకపకా నవ్వింది. చేతిలో కుంచె కదిలి, మందుల షాపు మీద ఆకుపచ్చ గీత ఒకటి పైకి లేచింది.

"చూశారా, మీ మేక చేసిన పని!" అంటూ కిరసనాయిల్ గుడ్డ అందుకుంది.

నవ్వైతే నవ్వింది గానీ, ఆ మాట ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ కొండ ఎక్కి దిగుతున్న మనిషి. బాణాలన్నీ ఎక్కేవాళ్ళకి ఎదురుగా ఉండే బండల మీదే వేసింది. దిగేవాళ్ళకి కనిపించేది ఆ బండల వీపు అని తోచనే లేదు. ఊరివాళ్ళకి ఆ అవసరం రాలేదు. పని ఇచ్చిన పర్యాటక ఆఫీసరు మొదటి జలపాతం దగ్గరే కాళ్ళు పట్టేశాయని కూర్చుండిపోయాడు.

వానలు తగ్గగానే దారి తెరుస్తారు. బాణాలు బాగుంటే చుట్టుపక్కల కొండదారులన్నీ ఆమెకే. షాపుల బోర్డుల మధ్య ఎన్నాళ్ళకో దొరికిన పెద్ద పని. అదలా ఉంచి, తన బాణాలు నమ్ముకుని వెళ్ళినవాళ్ళెవరైనా తిరిగి రాకపోతే?

మర్నాడు క్లినిక్‌కి వెళ్ళింది.

"కూర్చోండి. ఏ పన్ను?"

"పన్ను కాదండీ. మీరు మళ్ళీ తప్పిపోవాలి."

డాక్టరు చేతిలోని చిన్న అద్దం పక్కన పెట్టాడు.

"దిగేటప్పుడు మీరు ముందు నడవండి. నేను నోరెత్తకుండా వెనకాలే వస్తాను. మీరెక్కడ తడబడితే అక్కడ బాణం వేస్తాను. దారి తెలిసినవాళ్ళకి ఎక్కడ తప్పిపోతారో తెలీదు. ఆ విషయంలో మీకు..."

"చాలా ప్రతిభ ఉంది."

"ఆ మాట నేననలేదు."

అలా, వారానికి కొంత దారి చొప్పున, ఆదివారాలు మొదలయ్యాయి. అతను ముందు, రంగు డబ్బాతో ఆమె వెనక. అతను ధీమాగా ముళ్ళపొదలోకి నడిస్తే ఆమె పెదవి కొరుక్కుని వెంట వెళ్ళేది. అతను జేవురించిన మొహంతో వెనక్కి తిరిగితే అప్పుడు కుంచె తీసేది.

"మీ ఇంట్లో వంటిల్లు ఎలా కనుక్కుంటారండీ?"

"వాసన పట్టి."

"వంట చేసేదీ మీరేగా?"

"అందుకే ఒక్కోసారి కనుక్కోకుండా ఉంటేనే మంచిదనిపిస్తుంది."

వాన వస్తే చెట్టు కింద ఒకే రెయిన్‌కోటు తల మీద పట్టుకుని నిలబడేవారు. ఆమె వానను చూసేది. అతను కూడా వాననే చూస్తున్నట్టు ఉండేవాడు.

దిగుతూ దిగుతూ ఒక ఆదివారం రెండు వాగులు కలిసే చోటికి వచ్చారు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. అతను ఆగలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని, కుడివైపు దారిలో తిన్నగా దిగిపోయాడు.

"అబ్బో, డాక్టరుగారికి దారులు అర్థమైపోతున్నాయే!"

ఆ గొంతులో మెచ్చుకోలు విని అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆమె అక్కడ బాణం వేయలేదు. కిందికి చేరాక పని పూర్తయిందని ఆఫీసుకి ఫోన్ చేసింది. వచ్చే ఆదివారమే ప్రారంభం అన్నారు.

గురువారం డాక్టరు ఒకావిడ పన్ను శుభ్రం చేస్తున్నాడు. ఆవిడ మధ్యలో నోరు పుక్కిలించి, "ఆదివారం పిల్లల్ని తీసుకుని మూడో జలపాతం దాకా వెళ్తామండీ. ఇప్పుడు రెండువైపులా బాణాలున్నాయటగా, భయం లేదు" అంది. అతని చేయి ఆగిపోయింది. ఆవిడ చాలాసేపు నోరు తెరుచుకునే ఉండి, చివరికి తనే అడిగింది, "మూసుకోవచ్చా?"

ఆవిణ్ణి పంపించి, కోటైనా విప్పకుండా, బోర్డులమ్మాయి గోడ మీద రాస్తున్న చోటికి పరుగెత్తాడు.

"రెండు వాగుల దగ్గర నేను తిన్నగా దిగానే, అది అబద్ధమండీ. దానికి ముందు వారమంతా సాయంత్రాలు ఒక్కణ్ణే వెళ్ళి ఆ దారి బట్టీ పట్టాను."

ఆమె కుంచె దించింది. "ఎడమ దారి ఎక్కడికి పోతుందో తెలుసా మీకు?"

"లోయ అంచుకి."

"తెలిసీ చేశారా?"

"అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. మీ ముందు ఒక్కసారైనా తప్పిపోకుండా నడవాలని... ఎప్పుడు చూసినా వెర్రివాడిలా..."

ఆమె అరిచినా బాగుండేది. "ఆదివారంలోగా దారి తెలియని మనిషి కావాలి. ఆ చోటే కాదు, ఇంకెక్కడ వదిలేశానో కూడా చూడాలి. మీకు దారంతా వచ్చేసింది. ఇంక మీతో పని లేదు" అని గోడ వైపు తిరిగింది.

ఆ సాయంత్రమే అతను పట్నంలో బట్టలు కుట్టే షాపు నడుపుతున్న తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, అర్జెంటుగా బయల్దేరి రా."

"పెళ్ళి కుదిరిందా?"

"కాదమ్మా. నువ్వు అడవిలో తప్పిపోవాలి."

"పెళ్ళి మాట ఎత్తినందుకు ఇంత శిక్షట్రా!"

దారి తెలియని మనిషి దొరికిందని బోర్డులమ్మాయి కాదనలేదు. శనివారం ముగ్గురూ కొండెక్కారు. దిగేటప్పుడు తల్లి ముందు నడిచింది. అడవి మొహం ఎరగకపోయినా మిషన్ తొక్కీ తొక్కీ గట్టిపడిన కాళ్ళు ఆవిడవి. బాణాలు చూసుకుంటూ చకచకా దిగింది. వాగుల దగ్గరికొచ్చి, క్షణం కూడా ఆలోచించకుండా ఎడమకి తిరిగింది.

"అమ్మా..." అనబోయాడు. బోర్డులమ్మాయి అతని మణికట్టు పట్టుకుని ఆపింది. ఇద్దరూ ఆవిడ వెనకే అడుగులు వేశారు. పది అడుగులు పోయాక, "ఇంక చాలండీ, ఆగండి!" అంది అమ్మాయి.

తల్లి వెనక్కి తిరిగింది. ముందు కొడుకు తెల్లబోయిన మొహం చూసింది. తర్వాత అతని మణికట్టు మీదున్న అమ్మాయి చేయి చూసింది. అప్పుడు గుర్తొచ్చినట్టు ఆ చేయి చటుక్కున విడిపోయింది.

బాణం వేద్దామని డబ్బా మూత తీసేసరికి చినుకులు మొదలయ్యాయి. తడి బండ మీద రంగు నిలవదు. తల్లి రెయిన్‌కోటు పందిరిలా పట్టుకుంది. కొడుకు జేబురుమాలుతో బండ తుడిచాడు, అది తడిసిపోతే చొక్కా విప్పి తుడిచాడు.

"నేను కుట్టిన చొక్కారా అది!"

"ఇంకోటి కుడుదువులే అమ్మా!"

బోర్డులమ్మాయికి నవ్వొచ్చింది. కానీ కోపంలో ఉన్నానని గుర్తుంది కాబట్టి దించిన తల ఎత్తలేదు.

రంగు ఆరాక తల్లి కొడుకుని ముందు పంపేసి, ఆమె పక్కన నడిచింది.

"వాడేం చేశాడమ్మా, అంత ముభావంగా ఉన్నావు?"

"దారి తెలియనట్టుండాల్సిన చోట నేర్చుకుని నడిచారండీ."

"నువ్వెలా పట్టుకున్నావు?"

"నేను పట్టుకోలేదు. తనే వచ్చి చెప్పారు. లేకపోతే నాకు తెలిసేదే..."

అక్కడ ఆమె మాట ఆగింది. అవును, చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఎవరైనా తప్పిపోతే ఆ నింద బాణాలు వేసినదాని మీదే పడేది. చులకనవుతానని తెలిసీ కోటుతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"వాడు చిన్నప్పటి నుంచీ అంతే. తప్పు చేస్తే సాయంత్రంలోగా ఒప్పేసుకుంటాడు" అంది తల్లి.

"ఈసారి నాలుగు రోజులు దాచారండీ."

తల్లి ఆగి, కొలతలు తీసుకునేటప్పటిలా ఆమెను పైనుంచి కిందిదాకా ఓసారి చూసింది. "నాలుగు రోజులా! అయితే సంగతి చాలా పెద్దదే."

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం జనం తిరనాళ్ళకి పోయినట్టు పోయారు. బోర్డులమ్మాయి తండ్రి కొండ మొదట్లో చేతికర్రలు అద్దెకిస్తాడు. సాయంత్రం ఆఖరి కర్ర కూడా చేతికొచ్చాక, "అందరూ దిగేశారు" అని కేకేశాడు. ఆమె వదిలిన ఊపిరి పక్కన నిలబడ్డ డాక్టరుకి వినిపించింది.

"తూర్పు కొండ పని కూడా నాకే ఇచ్చారు. ఆ కొండ నేనూ ఎప్పుడూ ఎక్కలేదు" అంది.

"మరి ఎవరు తోడు?"

"అదే చూస్తున్నా. దారి తెలియకపోతే తెలియదని చెప్పే మనిషి కావాలి."

"దారి తెలియదండీ. మీరంటే నాకిష్టమన్నది మాత్రం బాగా తెలుసు. ఇందులో బట్టీ పట్టింది ఏమీ లేదు."

ఆమె కర్రల కట్ట మీద చేయి ఆనించింది. "నాకూ" అంది. అని, రంగు డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "మోయండి."

బల్ల మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటున్న డాక్టరు తల్లి, అమ్మాయి తండ్రివైపు చూసింది. తండ్రి రెండు మంచి కర్రలు ఏరి పక్కన పెడుతున్నాడు.

"ఒరేయ్, ఆ తూర్పు కొండకి మాత్రం నన్ను పిలవకండి" అంది తల్లి. "ఈసారి మీరిద్దరే తప్పిపోండి."