కార్డు మిషన్ వద్దన్నదెవరు?

పెనం మీద జొన్నరొట్టె పూరీలా పొంగడం, శేఖర్ ఫోన్ మోగడం ఒకేసారి జరిగాయి. పెళ్లయిన ఈ రెండు నెలల్లో పూర్ణిమ చేతిలో రొట్టె అలా పొంగడం ఇదే మొదలు. "అత్తమ్మా, ఒకసారి చూడండి" అనబోయింది. శేఖర్ చెయ్యెత్తి ఆగమన్నాడు.

"సరే సార్... సోమవారం నుంచేనా? అట్లనే సార్." ఫోన్ పెట్టేసి తండ్రి వైపు తిరిగాడు. "బాపు, హోటల్ మేనేజర్ మధు సార్. వాళ్ల హోటల్ల దిగే విమానం స్టాఫ్ బ్యాగులన్నీ ఇగ మనకే పంపుతడట."

సత్తయ్య చేతిలోని చాయ్ గ్లాసు అక్కడే ఆగిపోయింది. శంషాబాద్ నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు మీద ఇరవై రెండేళ్లుగా సూట్‌కేసులు బాగుచేస్తున్నాడాయన. విరిగిన చక్రం, ఊడిన పిడి, తెగిన జిప్పు, ఏదైనా సరే విమానం టైముకు చేతిలో పెట్టి పంపిస్తాడు. కానీ ఇంత పెద్ద బేరం ఎన్నడూ రాలేదు.

"ఒక్కటే షరతు," అన్నాడు శేఖర్. "వాళ్లు బయటిదేశపోళ్లు గద, కార్డు మీదనే కడతరట. ఆదివారం లోపల మిషన్ పెట్టకుంటే ఆరాంఘర్ దుకాణపాయనకు ఇస్తమన్నడు."

"మిషన్ గిషన్ మనకెందుకురా?" అత్త తారాబాయి ఉల్లిగడ్డ కోస్తూనే గొణిగింది. "గాల్లొచ్చిన పైసలు గాల్లనే పోతయి."

పూర్ణిమకు మాత్రం కాళ్లు నేల మీద నిలవలేదు. తుక్కుగూడ నుంచి బీకాం డిగ్రీతో ఈ ఇంటికి వచ్చింది. ఆ డిగ్రీకి ఇన్నాళ్లకు పని దొరికింది. "నేను చూస్తా మామయ్యా" అంది. సత్తయ్య తలూపాడు.

మధ్యాహ్నానికల్లా మూడు కంపెనీలు తేల్చింది. మొదటిది మిషన్‌కు కిరాయి అడగదు, కానీ విదేశీ కార్డు గీకితే కమీషన్ ఎక్కువ కోసుకుంటుంది. రెండోది నెలనెలా కిరాయి తీసుకుంటుంది, డబ్బు మర్నాడే వేస్తుంది. మూడోది ఒక బ్యాంకు వాళ్లది, కోత తక్కువే కానీ కాగితాలు ఎక్కువ. మూడు ఫారాలూ రంగు పెన్నుతో ముత్యాల్లా నింపి ఫోటో తీసి పంపింది. ఫోన్ నంబర్ అడిగిన చోట తన నంబరే రాసింది. అసలు కాగితాలు దుకాణం కౌంటర్ మీద పెట్టి, ముగ్గురు ఏజెంట్ల నంబర్లూ ఫ్రిజ్ తలుపుకు అంటించింది. బుధవారం ఒకరు, గురువారం ఒకరు, శుక్రవారం ఒకరు వస్తామన్నారు. రాత్రి శేఖర్‌తో ఒకే కప్పులో చాయ్ తాగుతూ ఆ వివరాలన్నీ పాఠంలా అప్పజెప్పింది.

బుధవారం ఏజెంట్ రాలేదు. ఫోన్ కూడా ఎత్తలేదు.

గురువారం రెండో అతను ఫోన్ ఎత్తి, "మీ ఇంట్లోవాళ్లే వద్దన్నరు గద మేడం" అని పెట్టేశాడు.

పూర్ణిమ ఫ్రిజ్ ముందు నిలబడిపోయింది. ఇంట్లోవాళ్లంటే ఎవరు? శేఖర్ మధు సార్‌కు మాటిచ్చాడు, అతను కాదు. మామయ్య తలూపాడు. ఇగ మిగిలింది ఒక్కరే. 'గాల్లొచ్చిన పైసలు' అన్న మాట చెవిలో మోగింది. ఆ సాయంత్రం నుంచి అత్త ప్రతి కదలికా వేరేగా కనిపించింది. ఫోన్ పట్టుకుని వరండాలోకి పోతే ఎందుకు పోయింది? ఫ్రిజ్ దగ్గర అంతసేపు ఏం చదువుతోంది? అత్త కలిపిచ్చిన చాయ్ కూడా చప్పగా అనిపించింది.

"మీ అమ్మనే ఫోన్ చేసి వద్దంటోంది," అంది శేఖర్‌తో.

"అమ్మనా? అమ్మకు ఏదన్న వద్దంటే మొఖం మీదనే అంటది. చాటుకు ఫోన్ చెయ్యనీకి ఆమెకేం పని?"

"నీకు మీ అమ్మ కనిపిస్తోంది. నాకు అత్త కనిపిస్తోంది."

శేఖర్ నవ్వాడు. పూర్ణిమ నవ్వలేదు. ఈ బేరం వచ్చిన రోజు వాడకట్టు వాడకట్టంతా 'కోడలు అడుగుపెట్టిన వేళ' అంది. బేరం పోతే ఆ మాటే తిరగబడుతుంది. అందుకని ఒక ఎత్తు వేసింది. మూడో ఏజెంట్ రాఘవేందర్‌ను శుక్రవారం పొద్దున కాకుండా మధ్యాహ్నం రమ్మని మార్చింది. శేఖర్‌కూ మామయ్యకూ మూడో అతనూ రానన్నాడని చెప్పి, అసలు సంగతి అత్త ఒక్కదానికే చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. దుకాణం నుంచి తండ్రీకొడుకులు అన్నానికి వచ్చారు. పూర్ణిమ వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె కింద పెట్టింది.

"అత్తమ్మా, మీకు మిషన్ ఇష్టం లేకుంటే నాతోనే చెప్పొచ్చు. వాళ్లకు ఫోన్ చేసి ఎందుకు ఆపుతున్నరు?"

తారాబాయి ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. "నేనా? నేనేం చేసిన?"

"ఇయ్యాల వచ్చేది మీకొక్కరికే చెప్పిన. ఇంకెవలకూ తెల్వదు."

"నాకొక్కదానికేనా? బిడ్డా, ఇరవై ఎనిమిదేండ్ల సంది మీ మామకు చెప్పకుండ ఒక్క ముచ్చట గూడ కడుపుల దాచలే. నువ్వు చెప్పిన గడియకే ఆయనకు చెప్పిన."

అందరూ సత్తయ్య వైపు చూశారు. ఆయన పళ్లెంలోకే చూస్తున్నాడు. ఎడమచేత్తో జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ముందు పెట్టాడు. పూర్ణిమ నింపిన ఫారమే అది. ఫోన్ నంబర్ చుట్టూ సూట్‌కేసులకు గుర్తు పెట్టే చాక్‌తో ఒక సున్నా చుట్టి ఉంది.

"నేనే ఫోన్ చేసిన," అన్నాడు. "దుకాణం నా పేరు మీద రాసినవ్. ఫోన్ నీది రాసినవ్. ఎంతొచ్చింది, ఎంత పోయింది, అన్నీ నీ ఫోన్లనే టింగుమంటయట. నా దుకాణంల ఇయ్యాల ఎంతొచ్చిందో నేను నిన్ను అడగాల్నా బిడ్డా? నిన్ను అననీకి నోరు రాలే. కొత్త కోడలివి. నువ్వు గంత సంబురంగ రాస్తుంటె ఎట్ల ఆపాలె?"

"బాపు, నాతోనన్న అనొద్దా?" అన్నాడు శేఖర్.

"నీతో అంటే నీ పెండ్లాంతో అన్నట్టే గదరా."

పూర్ణిమ ఆ సున్నా వైపే చూస్తూ ఉండిపోయింది. జిగురు చేతులతో మామయ్య ఫోన్ ఎత్తలేడని, తనైతే వెంటనే ఎత్తుతుందని ఆ నంబర్ రాసింది. మంచి పనే అనుకుంది. ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు. ఇరవై రెండేళ్ల దుకాణాన్ని రంగు పెన్నుతో తన చేతిలోకి రాసేసుకుంది. కళ్లు నిండి కాగితం మసకబారింది.

"నాది తప్పు మామయ్యా. అడగాల్సింది. అత్తమ్మా, మిమ్మల్ని అనుమానించిన..."

"అత్తను అనుమానించని కోడలు ఏ ఊర్ల ఉంటదే?" తారాబాయి కళ్లొత్తుకుంటూనే గరిటె అందుకుంది. "తిను. పప్పు చల్లారిపోతుంది."

"పోయింది పోనీ," శేఖర్ అన్నాడు. "ఇంక రెండు దినాలే ఉన్నయి. ముగ్గురూ పాయె."

"ముగ్గురు పోలే," అన్నాడు సత్తయ్య. "వద్దనంగనే మొదటోడు తిట్టిండు. రెండోడు మాట సగంలనే ఫోన్ పెట్టేసిండు. ఆ బ్యాంకు పిల్లగాడు రాఘవేందర్ మాత్రం ఎందుకొద్దు పెద్దయ్యా అని అడిగిండు. బయటిదేశం కార్డుకు ఎంత కోస్తరో పైసతో సహా చెప్పిండు. గిరాకి దేశం పోయినంక బ్యాగు మంచిగ చెయ్యలేదని పైసలు వాపసు అడిగితే ఏంది అంటే, చేసినంక ఫోటో తీసి పెట్టుకో అన్నడు. ఫోన్ నంబర్ ఎవలదంటే, దుకాణం ఎవలదైతే ఆయనదే అన్నడు. వద్దన్నంక గూడ మర్యాదగ మాట్లాడినోడే, రేపు మిషన్ ఆగిపోతే ఫోన్ ఎత్తుతడు."

పూర్ణిమ తలెత్తింది. తన మూడు కాగితాలలో ఎక్కడా లేని లెక్క అది. "మామయ్యా, నేను కిరాయి, కోతనే చూసిన. మీరు మనిషిని చూసిండ్రు."

సత్తయ్య మొదటిసారి నవ్వాడు. చెయ్యి కడుక్కొని వచ్చి ఫోన్ తీసి, తానే నంబర్ నొక్కాడు.

"రాఘవేందర్ సార్, నేను సత్తయ్యను... వద్దన్నది నేనే, ఇప్పుడు కావాలంటున్న." ఒక్క నిమిషం విన్నాడు. ఫోన్ పెట్టేసి కోడలి వైపు తిరిగాడు.

"రేపు పొద్దుగాల పది గంటలకు మిషన్ పట్టుకొని వస్తడట, కాగితాలు సరిగుంటే దుకాణంల అప్పుడే పెట్టిపోతడట. నువ్వు తొమ్మిదింటికే దుకాణానికి రా బిడ్డా. ఫారం మళ్లీ నింపుదాం. నువ్వు చదువు, నంబర్ నేను చెప్త. పదకొండింటికి మధు సార్‌ను పిలుద్దాం, మొదటి కార్డు ఆయనతోనే గీకిద్దాం."