విమానానికి బెదరని పరికెలు

సంతోషి రావిర్యాల చెరువు కట్ట మీద సంచి బోర్లించింది. నాలుగు దారపు చుట్టలు, రెండు కత్తెరలు, ఒక డబ్బా నిండా గాలాలు కిందపడ్డాయి. చేతిలో పొడవుగా సాగే కొత్త గాలపు కట్టె ఉంది. అన్నీ పుట్టినరోజుకు నాన్న ఆన్‌లైన్‌లో తెప్పించినవే.

పక్కనే గాలం వేస్తున్న ఆమె తాత ఐలయ్య ఓరగా చూశాడు.

"ఏంది బిడ్డా, చేపలు పట్టనొచ్చినవా, దుకాణం పెట్టనొచ్చినవా?"

తాత దగ్గర ఉన్నవి ఒక వెదురు కట్టె, ఒక సన్నని తంగూసు దారం, దాని కొసన ఒక గాలం. గాలానికి కోడి ఈక చుట్టి ఈగలా చేశాడు. పరికె చేపలు దాన్ని నిజమైన ఈగే అనుకుని ఎగిరి అందుకుంటాయి. ముప్పై ఏళ్లుగా అదే కట్టె. సంతోషికి దాని మీదే కన్ను.

"ఇయ్యాల నీ అంతట నువ్వు ఒక్క పరికె పట్టు. గీ కట్టె నీదే" అన్నాడు తాత. ఆమెకూ ఒక ఈక గాలం ఇచ్చాడు.

సంతోషి అన్నిటికంటే లావు దారం తీసింది. తెగదు కదా! విసిరింది. దారం నీళ్ల మీద టప్పున పడింది. పరికెలు చెల్లాచెదురయ్యాయి. ఇంకో దారం కట్టింది. మళ్లీ టప్పు. మూడోది కట్టబోతే చిక్కు పడింది.

ఆ చిక్కు విప్పేలోపు తాత నాలుగు చేపలు పట్టాడు. ఆయన దారం గడ్డిపోచ రాలినట్టు నీళ్ల మీద వాలుతుంది. చప్పుడే లేదు. సంతోషి చేతిలో చిక్కు మరచి చూస్తూ ఉండిపోయింది.

అంతలో దగ్గర్లోని విమానాశ్రయానికి ఒక విమానం నెత్తి మీదుగా దిగింది. కట్ట అదిరింది.

"గీ విమానాలతోనే తాతా! చేపలు బెదురుతున్నయి."

"నీళ్లల్ల చూడు."

పరికెలు ఈగల కోసం ఎగురుతూనే ఉన్నాయి.

"విమానానికి బెదరలే. నీ దారానికి బెదిరినయి."

పొద్దు గుంకింది. ఈగలు పోయాయి. పరికెలు అడుక్కి దిగాయి. తాత కట్టె భుజాన వేసుకున్నాడు.

"మరి కట్టె, తాతా?"

"చేపేది?"

మర్నాడు సంతోషి తన కట్టెకు ఈక గాలంతో సన్న దారం ఒక్కటే ఉంచుకుంది. మిగతావి అటక మీద పడేసింది. బడి నుంచి రాగానే వాకిట్లో బేసిన్ నిండా నీళ్లు పోసి, దూరం నుంచి ఈక విసరడం మొదలుపెట్టింది.

"అండ్ల చేపలే లేవు గదనే! ఎవలికి గాలం?" అమ్మ శ్రీలత నవ్వింది.

"మాట్లాడకమ్మా. చప్పుడు ఇంటున్న."

సోమవారం టప్పు. బుధవారం చిన్న టప్పు. శనివారం ఈక వాలింది. ఏమీ వినబడలేదు.

ఆదివారం ఆమె కట్ట మీదికి సంచి లేకుండా వచ్చింది. తాత ఓరగా చూశాడు. సంతోషి విసిరింది. నీళ్లు కదలలేదు. ఒక్క క్షణం. వెండి మెరుపులా ఒక పరికె ఎగిరింది. కట్టె కొస వంగింది.

తాత ఆ చేపను అరచేతిలో పెట్టుకుని చూశాడు. తన వెదురు కట్టె తీసి ఆమె పక్కన పెట్టాడు.

"ఇగ ఇంటికి చేపలు తెచ్చుడు నీ పని."

ఇంకో విమానం హోరుమంటూ దిగింది. సంతోషి తల ఎత్తలేదు. వెదురు కట్టె పట్టుకుని, దారం నీళ్ల మీద ఎలా వాలుతుందో చెవి పెట్టి వింటోంది.