నీలిముల్లు

మిషన్ మీద ఎర్రముల్లు సగం దాటి పైకి లేచింది. నీలిముల్లు మాత్రం మొండికేసి సున్నా దగ్గరే కూర్చుంది.

"చూశారా హైమావతిగారూ! ఎర్రముల్లు మీ శరీరం. నెల రోజులుగా మీరు రాసుకుంటున్న హార్మోన్ జెల్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది!" డాక్టర్ తస్లీమా సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచిపోయింది.

కాకినాడ తీరంలో నీటి ట్రాములు తిరుగుతున్న రోజులవి. హైమావతి అలాంటి ట్రామొకటి నడుపుతుంది. నెలసరి ఆగిపోయాక, మొగుడూ పెళ్ళాల ముచ్చట తన వరకూ "అంతా అయిపోయింది" అనుకుంది. నిజంగానే అయిపోయిందా? అది తేల్చుకుందామనే వచ్చి, కోరికని కొలిచే ఈ మిషన్ పట్టీ చేతికి కట్టించుకుంది.

"మరి నీలిది?"

"అది మనసు. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గితే యోని లోపలి పొర పల్చబడి, పొడిబారి, నొప్పి పుడుతుంది. దానికి మందుంది. కోరికకి హార్మోనొక్కటే చాలదండీ, మనసూ కలిసిరావాలి. దానికేమైందో మిషన్ చెప్పలేదు, మీరే చెప్పాలి."

హైమావతి తలవంచుకుంది. "మా ఆయన తన మంచం హాల్లోకి మార్చేసి రెండేళ్ళయిందమ్మా. ముసలిదాన్నయ్యాను, ఇంక నాతో పనేముందనుకున్నారు."

"ఆయన్నే అడుగుదామా?"

హైమావతి తలూపింది. బయట బెంచీ మీదున్న భాస్కరం లోపలికొచ్చి, మంచం ఎందుకు మార్చారన్న ప్రశ్న విని, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఆ రాత్రి పక్కలో నొప్పికి పళ్ళు బిగబట్టావు హైమా. ఒక్క మాటనలేదు. నావల్ల నీకు బాధెందుకని లేచిపోయాను. నీకే ఇష్టం పోయిందనుకున్నాను. నాకు పోలేదు."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చుగా!" కసిరింది హైమావతి, కళ్ళనిండా నీళ్ళతో.

నీలిముల్లు ఒక్క ఉదుటున లేచి అవతలి కొసకి టక్కున కొట్టుకుంది. హైమావతికి ఒళ్ళంతా ఝల్లుమంది. అయిపోలేదు! ఏమీ అయిపోలేదు!

"రేపు కూడా ముల్లు ఇలాగే లేస్తేనే నేను తయారుచేసిన ఈ మిషన్‌ని పరీక్షించేవాళ్ళు ఒప్పుకుంటారు. తప్పకుండా రావాలి," అంది తస్లీమా.

మర్నాడు హైమావతి ఎంతకీ రాకపోయేసరికి తస్లీమా ఫోన్ చేసింది. "ఇదివరకు వచ్చిన జంటలూ ఇంతేనండీ, ముల్లు లేచాక మళ్ళీ మొహం చూపించలేదు. మీరూ రాకపోతే పరీక్షించేవాళ్ళు మిషన్ పనిచేయలేదని రాసేస్తారు!"

హైమావతికి నిజంగానే జాలేసింది. కానీ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కునుంది, రెండు చేతుల్లోనూ హాల్లోని మంచం కొస ఉంది. రెండో కొస పట్టుకుని భాస్కరం పడగ్గదిలోకి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"రాసుకోనివ్వండమ్మా," అంది. "ఏవండీ, కాస్త ఎత్తి పట్టుకోండి, గడప తగులుతుంది."