పలకరింపు ఖరీదు

కొండల నడుమ ఓ బుల్లి దేశానికి రాజధాని అయిన వాడూజ్‌లోని ఒక ప్రైవేటు బ్యాంకులో ఏగన్ ఎనిమిదేళ్లుగా శ్రీమంతుల ఖాతాలు చూస్తున్నాడు. మనుషులను సైతం లాభనష్టాల్లోనే తూచే రకం. అలాంటివాడికి మొదటి నష్టం ఒక శనివారం పొద్దున, జున్ను కొట్టు ముందు వచ్చింది.

సోమవారం బ్యాంకు తలుపు తెరవగానే వెరేనా వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. పెద్దమ్మ పోతూ ఆమె పేర రాసిన ఆస్తి పోయిన వారమే ఇక్కడ ఖాతాకెక్కింది.

“ఖాతా తెరిచిన రోజు నాతో రెండు గంటలు నవ్వుతూ మాట్లాడింది మీరేనా, మీ తమ్ముడా?”

“నేనేనండీ.”

“మరి మొన్న జున్ను కొట్టు దగ్గర నేను నవ్వబోతే, గోడను చూసినట్టు చూసి వెళ్లిపోయారేం?”

“నవ్వబోయారు, నవ్వలేదు. ఖాతాదారు ముందుగా పలకరిస్తే తప్ప వీధిలో మేం వాళ్లను ఎరగం. పక్కన ఎవరుంటారో, వాళ్లకేం తెలియకూడదో!”

“నా పక్కన ఉన్నది మా కుక్క.”

“కుక్కలకు మినహాయింపు లేదండీ.”

వెరేనా నవ్వు ఆపుకుంది. “సరే, నేనూ పలకరించను. ఎవరు ముందు దిగొస్తారో చూద్దాం.”

ఆగస్టు పదిహేనున జరిగే ఆ దేశపు జాతీయ పండుగకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాలని ఏగన్ ఆశ. ఆఫీసులో అడిగితే ఉద్యోగానికి ముప్పు, వీధిలో అడిగితే నియమానికి ముప్పు. జున్ను అంటే గిట్టనివాడు మూడు శనివారాల్లో నాలుగు కిలోలు కొన్నాడు. ఆమె పలకరించలేదు. మూడో శనివారం వాన పడింది. పళ్ల డాక్టరొకడు ఆమెకు గొడుగు పట్టాడు. ఏగన్ ముక్కూ మొహం తెలియనివాడిలా తడిశాడు.

సోమవారం ఆమెను పిలిపించాడు.

“మీకో సలహా. ఎదుటి బ్యాంకులో రుసుము మాకన్నా తక్కువ. అక్కడికి మారిపోండి.”

వెరేనా తెల్లబోయింది. “మీ మేనేజరు వింటే?”

“ఈ ఏటి బోనసు పోతుంది. లెక్క వేసుకునే చెబుతున్నాను.”

“ఏమిటో ఆ లెక్క?”

“మీరు మా ఖాతాదారుగా ఉన్నన్నాళ్లూ వీధిలో మీరెవరో నాకు తెలియదు. బోనసు పోయినా తట్టుకోగలను గాని, అది నావల్ల కాదు.”

ఆమె ఖాతా మూసే కాగితం అడిగి తీసుకుని, సంతకం చేసి బయటికి నడిచింది. ఏగన్ మెట్లు దూకి వెంటపడ్డాడు.

“వెరేనా! పదిహేనో తారీఖున పండుగకు నాతో వస్తారా?”

వీధి వీధంతా తిరిగి చూసింది.

“అది సరే, అక్కడ రుసుము నిజంగానే తక్కువా? లేక నాకోసం అల్లిన అబద్ధమా?”

“నిజంగానే తక్కువండీ.”

“అయితే నష్టం మీ ఒక్కరికే,” అంటూ వెరేనా అతడికి చెయ్యందించింది.