తువ్వాల కింది బేరం

జానమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది గానీ, ఆమె కళ్ళు మాత్రం వాకిలి అవతల గొర్ల దొడ్డి దగ్గరే ఉన్నాయి. ఆమె పెనిమిటి బీరప్ప మందను మేతకు తోలడానికి కంచె తీస్తున్నాడు. కోడలు నాగరాణి సద్దిమూట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. మూట ఇచ్చి తిరిగి వస్తే జానమ్మకు ఏ బాధా లేకపోయేది. కానీ ఆ పిల్ల అటూ ఇటూ చూసి, మామ భుజం మీది తువ్వాల కింద చెయ్యి పెట్టింది. బీరప్ప తల వంచి, సరే అన్నట్టు ఊపాడు. ఇక్కడ రొట్టె మాడింది.

గొర్ల కాపర్ల ఇంట్లో పుట్టి, గొర్ల కాపర్ల ఇంటికే కోడలిగా వచ్చిన జానమ్మకు తువ్వాల కింద చెయ్యి అంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. అంగడిలో గొర్రెల ధర నోటితో చెప్పుకోరు. తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. అంటే తన ఇంట్లో, తన కళ్ళ ముందే, తనకు తెలియకుండా మంద బేరం నడుస్తోందన్న మాట.

ఆ అనుమానానికి తోడు ఒక వైరు ఉంది. పది రోజుల కింద మక్తల్ అంగడి నుంచి నాగరాణి టమాటాలతో పాటు చెవుల్లో పెట్టుకునే తెల్లటి వైరు ఒకటి తెచ్చింది. అత్త చూస్తోందని గబుక్కున కొంగు చాటున దాచింది. ఆ దాచడమే కొంప ముంచింది. లేకపోతే జానమ్మ దాన్ని పట్టించుకునేదే కాదు. ఆ వైరు ఇప్పుడు మామ దగ్గరికి చేరింది. నిన్న ఆయన తలరుమాలు అంచు కింద దాని కొస తెల్లగా మెరవడం జానమ్మ చూసింది. జేబులో ఫోను, వైరులో బేరగాడి మాట, తువ్వాల కింద కోడలి వేళ్ళు. లెక్క సరిపోయింది.

"ఏం మాట్లాడినవే మీ మామతోని?" కోడలు లోపలికి రాగానే అడిగింది.

"ఏం లేదత్తా. సద్ది ఇచ్చిన."

"సద్ది తువ్వాల కింద ఇస్తరా?"

నాగరాణి మొహం ఎర్రబడింది. "తువ్వాల జారుతాంటే సర్దిన."

"మరి గా చెవుల వైరేంది?"

"పాటలు వినెతందుకు. బస్టాండు కాడ బుట్టల పెట్టి అమ్ముతాంటే అగ్గువకు దొరికింది."

సెలవు మీద వచ్చి, లోపల పడుకుని ఉన్న కొడుకు శివకృష్ణ దుప్పట్లోంచే నవ్వాడు. షాద్‌నగర్‌లో కంపెనీ ఉద్యోగం అతనిది. "బుట్టల కొన్నవా? నెలకే ఒక చెవు పోతది సూడు. వైరు లేనివి మంచియి నేను తెస్త గదా."

"వద్దు," అంది నాగరాణి చప్పున. "నాకు వైరుదే కావాలె."

మంచి వస్తువు ఊరికే వస్తానంటే వద్దని, నాసిరకం దాన్ని పట్టుకు వేలాడే ఆడపిల్లను జానమ్మ ఎక్కడా చూడలేదు. ఏదో ఉంది. గట్టిగానే ఉంది.

మందను అమ్మేసి, తల్లిదండ్రులను షాద్‌నగర్ తీసుకుపోతానని కొడుకు చాలా రోజులుగా అంటున్నాడు. జానమ్మ వద్దంటోంది. గొర్లు పోతే ఆ మనిషి బతకడు, ఆయన బతక్కపోతే తానెందుకు? అయితే ఈ మాట ఆయనతోనే అందామంటే, ఆయన ఆమెతో మాట్లాడితే కదా! కిందటేడు బోనాలప్పుడు ఆమె అన్న అంజయ్య ఇంట్లో బావా బావమరుదులకు మాటా మాటా వచ్చింది. జానమ్మ అన్న వైపు మాట్లాడింది. ఆ తర్వాత నుంచి బీరప్ప ఆమె పిలిస్తే పలకడం మానేశాడు. ఏదన్నా అడిగితే దొడ్డి వైపు చూస్తాడు. రాత్రి పడకేమో మంద దగ్గరే. కొన్నాళ్ళు పిలిచి పిలిచి, ఆమె కూడా పంతం పట్టింది. కంచం పెట్టడం, తీయడం, అంతే. అలాంటి మనిషి కోడలితో మాత్రం నవ్వుతాడు. అది చూసినప్పుడల్లా జానమ్మ చేతిలోని గిన్నెను ఠంగున కింద పెట్టేది.

మరునాడు పొద్దున బీరప్ప స్నానానికి వెళ్ళాడు. అంగీ దండెం మీద ఉంది. నాగరాణి నీళ్ళకు పోయింది. జానమ్మ అంగీ జేబులో చెయ్యి పెట్టి వైరు లాగింది. గొర్ల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర అందుకుంది. ఉన్ని కత్తిరించే చేతికి ఆ వైరు ఒక లెక్కా? ఒక ముక్క తాను ఉంచుకుని, మిగతాది జేబులోనే కుక్కింది. ఇక ఏ బేరగాడు మాట్లాడతాడో చూద్దామనుకుంది.

బీరప్ప అంగీ తొడుక్కున్నాడు. జేబు తడిమి, తెగిన వైరు తీసి కాసేపు చూశాడు. తిరిగి జేబులోనే పెట్టుకున్నాడు. మేకపిల్ల ఒకటి కాళ్ళకు అడ్డం పడుతుంటే దాన్ని పక్కకు నెట్టి, మందను తోలుకుని వెళ్ళిపోయాడు.

నాగరాణి బిందె దించీ దించకముందే జానమ్మ ఆ ముక్కను ఆమె ముందు విసిరింది. "ఇగో నీ బేరం! ఎంతకు ఖరారైంది చెప్పు. ఒరేయ్ శివా, లేచి రా. నీ పెండ్లాం నీ నాయినతోని గొర్లు అమ్మిస్తాంది. నీకు ఎర్కనేనా?"

"ఎవలు అమ్ముతున్నరమ్మా? నాయిన నాకొక్క మాట చెప్పలే," అన్నాడు శివకృష్ణ కళ్ళు నులుముకుంటూ.

నాగరాణి వాళ్ళ మాట వినడం లేదు. ముక్కను చేతిలోకి తీసుకుంది. దొడ్డి వైపు చూసింది. "మామ పోయిండా?"

"ఎప్పుడో పోయిండు."

"రోడ్డు దాటాలె గదత్తా! మామకు చెవులు వినబడవు!"

జానమ్మకు అర్థం కాలేదు. "ఏం వాగుతున్నవే?"

"ఏడాదైతాంది. ఎవలకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుండు. తెలిస్తే గొర్లను అమ్మిస్తరని భయం. మామ ఫోన్ల ఒక యాప్ పెట్టిన, గది పక్క సప్పుడును పెద్దగ చేసి చెవుల ఇనిపిస్తది. వైరు లేనిదైతే మాట ఆలస్యంగ ఇనబడుతది, గడ్డిల పడితే దొరకది. అందుకే వైరుది కొన్న. తువ్వాల కింద ఫోను జేబుల సర్దుతున్న, అంతే! గా వైరు వచ్చినసంది వెనక్కి చూసుడు మాని, లారీ హారన్ ఇనుకుంటనే దాటుతున్నడు..."

మిగతాది వినడానికి జానమ్మ అక్కడ లేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తుతోంది.

రాయచూర్ రోడ్డు మీద సగం మంద అవతలికి చేరింది. మిగతా సగాన్ని దాటిస్తూ బీరప్ప నడి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. వెనక నుంచి లారీ వస్తోంది. ఆగకుండా హారన్ మోగుతోంది. జానమ్మ పేగులు తెగేలా అరిచింది. ఆయన తిరగలేదు. మళ్ళీ అరిచింది. ఏడాదిగా ఆ వీపును చూసి ఆమె ఎంత మండిపడిందో! గొర్రెలు బెదిరి ఒక్కసారిగా తలలు తిప్పాయి. వాటిని చూసి ఆయన తిరిగాడు. లారీ కీచుమంటూ ఆయనకు బారెడు దూరంలో ఆగింది. డ్రైవర్ దిగి తిట్టినన్ని తిట్లు తిట్టాడు. బీరప్ప అతని నోటి వైపే చూస్తూ రెండు చేతులూ జోడించాడు.

జానమ్మ రోడ్డు పక్కన కూలబడి ఏడ్చింది. బీరప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. వెనకే పరుగెత్తి వచ్చిన శివకృష్ణ తండ్రి మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు. ఏదో అనబోయాడు.

"గొర్లు అమ్ముదామన్న మాట నోట్లకెల్లి రానియ్యకు," అంది జానమ్మ. "నేను మీ నాయిన వెంట పోత రేపటిసంది. ముందు పాలమూరు దవాఖానల చెవులు చూపియ్యి. గంతదాక గా అగ్గువ వైరే ఇంకోటి కొనుక్కరా."

శివకృష్ణ బండి మీద మక్తల్ వెళ్ళి, అదే బుట్టలోంచి రెండు కొనుక్కొచ్చాడు. నాగరాణి మామ చెవుల్లో పెట్టి, ఫోను జేబులో సర్దింది. ఈసారి తువ్వాల అడ్డం పెట్టలేదు. "జేబు దిక్కు వంగి మాట్లాడు అత్తా. మెల్లగ. అరిస్తే చెవుల గుయ్యిమంటది," అని చెప్పి, మొగుణ్ణి తీసుకుని గొర్ల వైపు వెళ్ళింది.

మెల్లగా మాట్లాడటం జానమ్మకు ఎన్నడూ అలవాటు లేదు. సిగ్గుపడుతూ వంగింది. "నాకెందుకు చెప్పలే?"

బీరప్ప నేల మీది గడ్డిపరక ఒకటి తుంచాడు. "చెవిటోనితోని ఏం మాట్లాడేదని, నువ్వు మాట్లాడుడే బంద్ జేస్తవనుకున్న."

జానమ్మ ఆయన జేబు దగ్గరికి ఇంకాస్త జరిగింది. ఆయన ఏది జరుగుతుందని భయపడి దాచాడో, అది తాను ఎప్పుడో చేసి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "నీకు నా మీద కోపమనుకున్న. మా అన్న ఇంట్ల నేనన్న మాటలకు," అంది.

"ఏమన్నవే?"

"నీకు తెల్వదా?"

"ఆ దినం ఎవలేమన్నరో నాకు ఒక్కటి వినబడలే. మీ అన్న చేతులు ఊపుతాంటే నేను గూడ ఊపిన."

జానమ్మ నవ్వబోయి మళ్ళీ ఏడ్చింది. ఏమీ అనలేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆ ఏడాది అంతా వృథాగా పోయిందే అన్న బాధతో, ఇంకేదీ దాచబుద్ధి కాలేదు. ఆ రోజు తానన్న మాటలన్నీ, ఒక్కటీ విడవకుండా, మెల్లగా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"గిట్లన్నవా?" అన్నాడు చివరికి. "ఇప్పుడొస్తాంది నాకు కోపం."

"రానీ," అంది జానమ్మ ఆయన చెయ్యి పట్టుకుని. "తిట్టు. ఎంత తిడితే అంత తిట్టు. గని ఊకుండకు."