అరవై మిల్లీవోల్టులు

"నా బోర్డుని ఫెయిల్ చేసిన మహానుభావుడు మీరేనా?"

తలెత్తాను. ఎదురుగా ఒకమ్మాయి. చేతిలో అరచేయంత సర్క్యూట్ బోర్డు, దానికి కట్టిన చీటీ మీద నేను కొట్టిన ఎర్రముద్ర. మనిషి మంచి కోపంలో ఉంది. కోపం ఆమెకి నప్పింది కూడా, కానీ అలాంటివి వెంటనే ఒప్పుకునే రకం కాదు నేను.

"ఫెయిలయింది బోర్డండీ. నేను ముద్ర మాత్రమే కొట్టాను."

"ఎంతొచ్చింది?"

"అరవై మిల్లీవోల్టులు. ఇరవై దాటకూడదు."

"అరవయ్యా! చచ్చినా రాదు. మీ ప్రోబు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నారా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాను.

పక్క బల్లల దగ్గరున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బోర్డు నా బల్ల మీదే వదిలేసి విసురుగా వెళ్ళిపోయింది. ఆ నవ్వులకి ఆ రోజు నేనెంత పొంగిపోయానో తలచుకుంటే, ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పనేమిటో చెబుతాను. ఆసుపత్రి మంచం పక్కన గుండె చప్పుడుని గీతగా చూపించే యంత్రాలు మా కంపెనీ తయారుచేస్తుంది. వాటి బోర్డులకి అందే కరెంటు నున్నగా ఉండాలి. అందులో వణుకుంటే దాన్ని నాయిస్ అంటాం. అది ఎక్కువైతే తెర మీద గుండె గీత కూడా వణుకుతుంది. డిజైన్ వాళ్ళు బోర్డు తయారుచేసి తెస్తారు, నేను ఆ వణుకుని తెర మీద చూపే స్కోపుకి ప్రోబు అనే కొలత కడ్డీ తగిలించి నాయిస్ కొలుస్తాను. నేను తప్పంటే తప్పే. అందుకే ఆఫీసులో నన్ను 'ఎర్రముద్ర' అనేవారు. అదేదో బిరుదైనట్టు మురిసిపోయేవాణ్ణి.

వారం తిరిగేసరికి ఆమె కొత్త బోర్డుతో వచ్చింది.

"ఎర్రముద్రగారూ, నాయిస్ మింగడానికి నాలుగు కెపాసిటర్లు ఎక్కువ పెట్టాను. ఈసారి మీ ముద్రకి పనుండదు."

యాభై ఎనిమిది వచ్చింది.

"రెండు తగ్గింది కదండీ," అన్నాను.

"ఓదారుస్తున్నారా, వెక్కిరిస్తున్నారా?"

"రెండూనూ. టీ తాగుతారా?"

తాగింది. మూడో బోర్డు తెచ్చిన రోజున పెద్ద వాన పట్టుకుంది. గొడుగు లేక నా బల్ల దగ్గరే గంటసేపు కూర్చుండిపోయింది.

"ఎప్పుడైనా బోర్డు పాసైతే మీకు బాధేస్తుందా?" అని అడిగింది.

"మీది పాసైతే వేస్తుంది."

"ఎందుకో?"

"మళ్ళీ రారు కదా."

ఆమె కిటికీలోంచి వానని చూస్తూ నవ్వు దాచుకుంది. "పాసైనా వస్తాన్లెండి. ఇక్కడ టీ బాగుంటుంది."

ఆ సాయంత్రం మా అక్క ఫోన్లో నన్ను ఆటపట్టించింది. "నీ నోట పని మాట తగ్గి ఆ పిల్ల మాట ఎక్కువైందిరా. నాన్నతో పెళ్ళి మాట కదపమంటావా?"

"ఆగవే అక్కా. ముందు ఆ బోర్డు పాసవనీ."

నాలుగో బోర్డు మంగళవారం పొద్దున వచ్చింది. కొలుస్తూ కొలుస్తూ ఎందుకో, ప్రోబు మొనని తీసుకెళ్ళి దాని రెండో కొస, గ్రౌండ్ క్లిప్పు, పట్టుకున్న చోటే ఆనించాను. రెండూ ఒకేచోట ఉంటే స్కోపు సున్నా చూపాలి. యాభై అయిదు చూపించింది.

ఆ క్లిప్పుకున్న తీగ జానెడు పొడుగుంటుంది. మా పాత బోర్డులకి దానితో ఇబ్బంది లేదు. ఆమె బోర్డు వాటికంటే ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తుంది. ఆ వేగానికి పుట్టే అలజడిని ఈ తీగే ఏరియల్‌లా గాల్లోంచి లాక్కుంటోంది. ఇలాంటి బోర్డులకి తీగ తీసేసి, గోరంత స్ప్రింగు తగిలించి కొలవాలి. అది నాకు తెలియనిది కాదు. తీగైతే చేతికి వాటంగా ఉంటుందని బద్ధకించాను.

స్ప్రింగు తగిలించి, ఫెయిలైన వాటిని దాచే బీరువాలోంచి ఆమె మొదటి బోర్డు తీసి కొలిచాను. పన్నెండు. మొదటి రోజే పాసవ్వాల్సిన బోర్డు! అయిదు వారాలుగా ఆ పిల్ల లేని జబ్బుకి వైద్యం చేస్తోంది.

అక్కకి చెప్పాను.

"ఇవాళే వెళ్ళి చెప్పేయ్‌రా. ఆలస్యం అమృతం విషం."

"శుక్రవారం చెప్తానే. కాస్త మాటలు కూడగట్టుకోనీ."

నిజానికి మాటల కొరతేమీ లేదు. ఆమెని చూసి నవ్వినవాళ్ళంతా ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారని భయం. దానికి తోడు, ఆమె ఇంకోసారి వచ్చి నా పక్కన కూర్చుంటే బాగుండునన్న ఆశ. ఈ రెండింటి కోసం నోరు మూసుకున్నాను.

బుధవారం సాయంత్రం కబురొచ్చింది, గురువారం పెద్దసారు మీటింగు పెట్టారని. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

"అయిదు వారాలు, నాలుగు బోర్డులు. ఏంటమ్మా ఇది?" అన్నారు పెద్దసారు మీటింగులో.

ఆమె లేచి నిలబడింది. "లోపం నా డిజైన్లోనే ఉంది సార్. ఎక్కడుందో పట్టుకోలేకపోతున్నాను."

ఆయన నావైపు తిరిగారు. "నువ్వేమంటావయ్యా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "రిపోర్టులో రాసిందే సార్," అన్నాను.

ఆ బోర్డు పని ఆమె చేతుల్లోంచి తీసి ఇంకొకరికి అప్పగించారు. ఆమె కూర్చోగానే, నా ముందున్న మంచినీళ్ళ గ్లాసు ఆమెవైపు జరిపాను.

శుక్రవారం సాయంత్రం బస్టాపులో ఆమె ఒక్కతే ఉంది. సన్నగా జల్లు పడుతోంది.

"మీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

"మంచి మాటైతేనే చెప్పండి. నిన్నంతా ఏడ్చాను." అలా అంటూనే జుట్టు సర్దుకుంది. నేనేం చెబుతానని ఎదురుచూస్తోందో ఆ కళ్ళు చూస్తే తెలిసిపోతోంది. నేను చెప్పింది మాత్రం గ్రౌండ్ క్లిప్పు సంగతి. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను.

ఆమె చెయ్యి జుట్టు మీంచి దిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"మీటింగు నిన్న."

"అవును."

"కొలవడంలో తప్పు ఎవరికైనా వస్తుందండీ. నేను కొలిచినా వచ్చేదేమో. కానీ సార్ మిమ్మల్ని మొహం మీదే అడిగారు కదా?" రోడ్డు వైపు తిరిగింది. "మీరు గ్లాసు జరిపారు చూడండి, అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? ఈ గదిలో నాకోసం బాధపడే మనిషి ఒక్కడైనా ఉన్నాడనుకున్నాను. ఇంటికెళ్ళి మా అమ్మకి మీ గురించి చెప్పాను."

"నాకు మీరంటే చాలా ఇష్టం," అన్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన సమయం ఆ మాటకి దొరకదు.

"తెలుసండీ. నాకూ ఇష్టమే ఉండేది, ఇందాకటిదాకా."

బస్సొచ్చింది. ఎక్కేసింది. కిటికీ పక్కనే కూర్చుంది కానీ తల తిప్పలేదు.

సోమవారం అందరి ముందూ నిలబడి నా తప్పు చెప్పాను. పెద్దసారు నాలుగు చీవాట్లు పెట్టి, "పోన్లే, బోర్డు బాగుంది కదా," అనేశారు. బోర్డు మళ్ళీ ఆమెకే ఇచ్చారు. నేను భయపడి చచ్చిన ఆ నవ్వు ఎవరూ నవ్వలేదు. అక్క అడిగితే, "కుదర్లేదే," అన్నాను. ఎందుకు కుదరలేదో అక్క అడగలేదు.

ఇప్పుడు ప్రతి బోర్డూ ఆమే స్వయంగా పట్టుకొస్తుంది. కూర్చోమంటే కూర్చోదు. నా మొహం కేసి చూడదు, ప్రోబు పట్టుకున్న నా చేతినే చూస్తుంది.

"ముందు మొనా గ్రౌండూ ఒకేచోట పెట్టి చూపించండి."

చూపిస్తాను. సున్నా.

"ఇప్పుడు కొలవండి."

కొలుస్తాను.

"పదకొండు," అన్నాను నిన్న.

ఆమె ముందుకి వంగి, తెర మీది అంకె తనే చదువుకుని, అప్పుడు రాసుకుంది.